ఫ్యామిలీ ట్రిప్ అన్నారు సరే, చంటిపిల్ల ఫ్యామిలీలోకి రాదా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్‌తో వచ్చే పుస్తకంలో వైజాగ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు గురించి రాశారు కదా, "కుటుంబ సమేతంగా ఒక్కరోజులో హాయిగా చుట్టి రావచ్చు" అని, ఫొటోలు మాత్రం చాలా బాగున్నాయి కాదనను. కానీ చదివాక నాకు నవ్వూ కోపం రెండూ ఒకేసారి వచ్చాయి, ఎందుకంటే సంక్రాంతి అయిన వారానికి మేం సరిగ్గా ఆ రోడ్డు మీదే ఎనిమిది నెలల పాపనేసుకుని తిరిగొచ్చాం. ఆ "హాయిగా" అన్న మాట రాసినాయన ఎవరో గానీ చంటిపిల్లతో వెళ్ళలేదని మాత్రం గ్యారంటీగా చెప్పగలను. పేపర్‌కి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. పాప నిద్రపోయినప్పుడల్లా కొంచెం కొంచెం రాస్తున్నా కాబట్టి మధ్యలో ఎక్కడైనా తెగినట్టుంటే అది దాని పుణ్యమే.

మాది ఖమ్మం. మా అత్తమ్మకి అరవై రెండేళ్ళు, ఇంతవరకూ సముద్రం చూడలేదు. కాశీ చూసింది, తిరుపతి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కే లేదు, సముద్రం మాత్రం టీవీలోనే. మామయ్య రిటైరయ్యారు, మా ఆయనకి నాలుగు రోజులు లీవు దొరికింది, ఇక పాప ఒక్కతే అడ్డం. "పిల్ల నడిచాక వెళ్దాంలే" అని ఇంట్లో అందరూ అన్నారు, నేనే పట్టుబట్టా, పిల్ల నడిచాక స్కూలంటారు, స్కూలయ్యాక పరీక్షలంటారు, అత్తమ్మ మోకాళ్ళు మనకోసం ఆగుతాయా అని. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. లగేజీ సంగతి చెప్తే నవ్వుతారు, నలుగురు పెద్దోళ్ళకి రెండు సంచులు, ఆ గుప్పెడు పిల్లకి మూడు. ఫ్లాస్కు, రాగిజావ పొడి, ఉగ్గు గిన్నె, డైపర్లు, గుడ్డలు, దాని దుప్పటి, దాని దిండు, దాని గిలక్కాయ.

పాప రైలు ఊపుకి మంచిగా పడుకుంది, మేమే పడుకోలేదు. కింది బెర్తులో గోడవైపు పాప, అంచున నేను, పక్కకి తిరిగితే పిల్ల నలుగుతుంది, ఇటు తిరిగితే నేను పడతాను. 2022లో లక్నో మెయిల్‌లో బేబీ బెర్త్ అని కింది బెర్తు పక్కన మడతపెట్టే చిన్న బల్లలాంటిది పెట్టి చూశారు గుర్తుందా, అప్పుడు వాట్సాప్‌లో అందరికీ ఆ ఫొటో వచ్చింది, నాకప్పుడు పెళ్ళి కూడా కాలేదు కాబట్టి "ఆహా" అని ఫార్వర్డ్ చేసి వదిలేశా. ఆ రాత్రి ఆ ఫొటోనే కళ్ళ ముందు ఆడింది.

సరే, పొద్దున్నే దిగి రూముకెళ్ళి కాస్త ఫ్రెష్ అయ్యి ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. ఆ గంటసేపు మాత్రం నిజంగా మీరు రాసినట్టే ఉంది. అత్తమ్మ చెప్పులు విప్పి, కొంగు నడుముకి దోపి, అల దగ్గరికి వెళ్ళి ముందు చెయ్యెత్తి దండం పెట్టుకుని, దోసెడు నీళ్ళు తీసి నెత్తిన చల్లుకుని, తర్వాత పాప నెత్తిన కూడా చల్లింది. పాపని మా ఆయన చంకల కింద పట్టుకుని తడి ఇసుక మీద నిలబెట్టాడు. అల వచ్చి పాదాలకి తగిలి వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక జారుతుంది చూడండి, అప్పుడు దాని కాలివేళ్ళు పదీ ఒక్కసారే ముడుచుకున్నాయి, ఏడవాలా నవ్వాలా తేల్చుకోలేక మా అందరి మొహాలు చూసింది. తర్వాత కూచోబెడితే గుప్పెడు ఇసుక తీసి నేరుగా నోట్లో పెట్టుకుంది, కిందవి రెండు పళ్ళు వచ్చాయి దానికి, మా ఆయన వేలు పెట్టి ఇసుక తీయబోతే వేలు కొరికింది. అక్కడ అలల లాగుడు ఎక్కువ, మోకాళ్ళు దాటి లోపలికి వెళ్తే గార్డు విజిల్ వేస్తూనే ఉన్నాడు, వినేవాళ్ళు వింటున్నారు, కుర్రాళ్ళు మాత్రం వినట్లేదు, వాళ్ళ అమ్మలు పక్కనుంటే బాగుండు.

అక్కడే రోడ్డు పక్కన కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూచుంది. మామయ్యా మా ఆయనా లోపలికెళ్ళారు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కన్నాల్లోంచి వంగి దూరాలంట, చంటిపిల్లనెత్తుకుని అయ్యే పని కాదని నేనూ అత్తమ్మా బయటే ఉండిపోయాం. దానికి నేనేమీ అనను, అది యుద్ధం చేయడానికి కట్టింది, పిల్లల కోసం కాదు.

గొడవంతా పదిన్నరకి మొదలైంది. పాపకి ఆకలి. రాగిజావ పడితే ఉమ్మేసింది, కొత్త చోటు కదా, దానికి తల్లిపాలే కావాలి. మేం అప్పటికి కారు మాట్లాడుకుని ఓ పార్కు దగ్గర ఆగాం, ఏ పార్కో పేరు చెప్పను, ఆ ఒక్కదాన్ని అని లాభం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దాయన కూచున్నాడు, "అన్నా, పాపకి పాలివ్వాలి, ఎక్కడైనా గది ఉందా" అని అడిగా. ఆయన చాలా మర్యాదగా "పాల ప్యాకెట్లు ఇక్కడ దొరకవమ్మా, రోడ్డవతల షాపుంది" అన్నాడు. నేను మళ్ళీ చెప్పా, ఈసారి అర్థమై తల దించేసుకుని "బాత్రూం ఉంది కదమ్మా, అక్కడ ఇచ్చుకోండి" అన్నాడు. మీరు టిఫిన్ బాత్రూంలో కూచుని తింటారా అని నోటిదాకా వచ్చింది, ఆయన వయసు చూసి ఊరుకున్నా. ఆయన తప్పేముంది, ఆయనకి ఇచ్చినవాటిలో ఉన్నదేదో చూపించాడు.

ఆ పార్కులో పెద్ద పెద్ద అక్షరాల సెల్ఫీ పాయింట్ ఉంది, గుండె ఆకారంలో ఇనప ఫ్రేము ఉంది, దాంట్లో నిలబడి ఫొటో దిగడానికి క్యూ ఉంది. నీడలో ఓ బెంచీ, దానికి ఓ అడ్డం, అది మాత్రం లేదు. చున్నీ కప్పుకుని ఇవ్వొచ్చుగా అంటారు కొంతమంది, మా పాప ఎనిమిదో నెల పిల్లండీ, చున్నీ కప్పితే లాగి పారేస్తుంది, దానికీ సముద్రం కనపడాలి కదా. చివరికి కార్లోనే. డ్రైవర్ బాబు ఏసీ వేసి దిగిపోయాడు, మా ఆయన ఓ అద్దానికి టవల్ అడ్డం పట్టుకుని నిలబడ్డాడు, అత్తమ్మ ఇంకో అద్దానికి తన శాలువా. పాప రెండు గుటకలు తాగడం, ఎవరో హారన్ కొట్టడం, అది తల తిప్పడం, మళ్ళీ మొదటికి రావడం. అరగంట.

తర్వాత డైపర్. మధ్యాహ్నం భోజనానికి ఆగిన హోటల్లో మార్చే బల్ల ఉంది, ఆశ్చర్యపోయి ఆనందపడ్డాం. కానీ అది ఆడవాళ్ళ వైపే ఉంది. నేను తింటుంటే మా ఆయన పాపనెత్తుకెళ్ళి, మగవాళ్ళ వైపు వెతికి వెతికి, వడియాల చాట పట్టుకున్నట్టు పిల్లని రెండు చేతుల మీద దూరంగా పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆఖరికి కారు డిక్కీలో దుప్పటి పరిచి ఆయనే మార్చాడు. మా అత్తమ్మ "మగపిల్లాడితో ఆ పని చేయిస్తావా" అన్నట్టు నావైపు చూసింది, మామయ్య గట్టిగా దగ్గాడు, ఆవిడ ఇటు తిరిగి పెరుగన్నం కలుపుకుంది. ఎవరో దగ్గితేనే పనయ్యే ఇళ్ళు మనవి. పిల్ల తండ్రి కూడా బల్ల వాడతాడని హోటళ్ళవాళ్ళకి ఎప్పుడు తడుతుందో. ఇంకోటి, ఆ వాడేసిన డైపర్‌ని ఎక్కడ వేయాలి? రాత్రి రూముకి వచ్చేదాకా కవర్లో చుట్టి కార్లోనే పెట్టుకున్నాం. వాటిని విడిగా చుట్టి ఇవ్వాలని 2016 చెత్త రూల్స్‌లోనే ఉందంట, ఇవ్వడానికి డబ్బా ఏది? అందరూ మాలా కార్లో పెట్టుకోరు కదా, ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన డైపర్ ఒకటి నా కళ్ళతో చూశా. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి, అవి తవ్వుకునేదీ ఆ ఇసుకే.

దారిలో రుషికొండ చూశాం, 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్ అది, ఆ ఫ్లాగ్ ఇవ్వాలంటే నీళ్ళ శుభ్రత నుంచి సేఫ్టీ దాకా 33 రూల్స్ చూస్తారంట. ఆ లిస్టు రాసేవాళ్ళకి మన వైపు నుంచి ఇంకోటి కలపమని ఎవరైనా చెప్తే బాగుండు. తర్వాత తొట్లకొండ. బోర్డు చూసి మా అత్తమ్మ "తొట్టెల కొండంట, మన పిల్ల కోసమే పెట్టినట్టున్నారు" అని మురిసిపోయింది, మా వైపు ఉయ్యాలని తొట్టెల అంటాం. తీరా పైకెళ్తే అవి ఉయ్యాలలు కావు, రెండువేల ఏళ్ళ కింద బౌద్ధ భిక్షువులు నీళ్ళ కోసం కొండరాయిలో తొలిచిన తొట్లు. పైనుంచి సముద్రం చూస్తే మాత్రం నోట మాట రాదు, మీ ఫొటోలో పదో వంతు కూడా రాలేదు. సంసారాలు వదిలేసి వచ్చిన సన్యాసులే కొండ మీద నీళ్ళకి అంత ఏర్పాటు చేసుకున్నారు, కింద కొత్తగా వేసిన రోడ్డు మీద పిల్ల మూతి కడగడానికి నేను బాటిల్ నీళ్ళు కొనుక్కుంటున్నా అని మా ఆయనతో అంటే "నువ్వు పాలిస్తున్నావా ఉపన్యాసం ఇస్తున్నావా" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మంగమారిపేట దగ్గర కారు ఆపాం, సముద్రంలోకి రాయి వంతెనలా వంగి ఉంటుంది, చూడ్డానికి. పాప మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి నిద్రా ఆకలీ రెండూ కలిపి, ఆ ఏడుపు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. అక్కడ వలల పక్కన ఓ పెద్దావిడ ఎండు చేపలు తిరగేస్తోంది, అడక్కుండానే కేకేసింది. "ఏటమ్మా, గుంట అలాగేడుత్తంది, ఆకలేమో, ఇలా రా, ఈ అరుగు మీద కూకో" అంది. వాళ్ళింటి అరుగు అది, తాటాకు చూరు కింద. ఓ పీట వేసింది, దండెం మీదున్న పాత చీర జరిపి అడ్డం లాగింది, మా ఆయన్నీ మామయ్యనీ "మీరు ఆ పడవల కాడికి పోయి రండి బాబూ" అని తోలేసింది. లోపల చూరుకి కట్టిన చీర ఉయ్యాలలో వాళ్ళ మనవడు పడుకుని ఉన్నాడు. ఎండు చేపల వాసన, అలల మోత, ఆ చీర గాలికి అప్పుడప్పుడూ నా మొహానికి తగులుతోంది. పాప పావుగంటలో కడుపునిండా తాగి నోరు తెరుచుకుని నిద్రపోయింది. పొద్దుట్నుంచి అది సరిగ్గా తాగింది అదే. వచ్చేటప్పుడు నేను పర్సు తీస్తే ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది, "పాలు తాగిన గుంట కాడ డబ్బులేటమ్మా" అంది.

అందుకే ఈ ఉత్తరం. ఆవిడకి ఏ టెండరూ అక్కర్లేదు, ఏ శంకుస్థాపనా అక్కర్లేదు. పీట, పాత చీర, పైన నీడ.

గవర్నమెంటుకి తెలీదా అంటే తెలుసు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ లెటర్ రాసింది, పబ్లిక్ ప్లేసుల్లో పాలిచ్చే గదులు పెట్టమని. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, జస్టిస్ నాగరత్న గారున్న బెంచి, ఆ లెటర్‌ని రాష్ట్రాలకి మళ్ళీ గుర్తు చేయమని చెప్పింది, ఉన్న చోట్ల వీలైనంత వరకూ ఏర్పాటు చేయమంది, కొత్తగా కట్టేవాటిలో ముందే చోటు వదలమంది, నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడొద్దని కూడా అంది. తమిళనాడులో అయితే 2015లోనే జయలలిత గారు సీఎంగా ఉన్నప్పుడు బస్టాండ్లలో 300 పైగా పాలిచ్చే గదులు తెరిచారు. తాజ్‌మహల్ దగ్గర 2019లో పెట్టారు. అంటే పాలరాతి సమాధి దగ్గర కుదిరింది, సిమెంటు పార్కులో కుదరదా? ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దు, ఆ తర్వాత తిండి పెడుతూ రెండేళ్ళు, ఇంకా పైన కూడా పాలివ్వమని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది, మా ఊళ్ళో ఆశా వర్కర్ చెప్తుంది, ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలని మీ పేపర్లోనే బ్యానర్లు పట్టుకున్న ఫొటోలు వేస్తారు. ఇవ్వమని చెప్పేవాళ్ళు ఇంతమంది, ఎక్కడ కూచుని ఇవ్వాలో చెప్పేవాళ్ళే లేరు.

"చంటిపిల్లనేసుకుని ఊళ్ళు తిరగడం ఎందుకమ్మా, ఇంట్లో కూచోక" అని మా ఎదురింటావిడే అంది, మీ పాఠకుల్లో కూడా కొందరు అనుకుంటారు. నేను వెళ్ళింది ఒక్కరోజు. పొద్దున బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మాయి ఒకామె కనిపించింది, నాకంటే చిన్నదే, తోపుడుబండి కింద నీడలో గోనెపట్టా మీద పిల్లాడు. వాడు ఏడిస్తే ఆమె ఎత్తుకుని, జనానికి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూచుని పాలిచ్చింది. నేను కొన్న పొత్తు కాలేలోపు అయిపోయింది, లేచి చేతులు తుడుచుకుని నిమ్మకాయ రాసి ఇచ్చింది. ఆమెకి కారు లేదు, టవల్ పట్టుకుని నిలబడే మొగుడు ఆ టైంలో అక్కడ లేడు, ఏడాదంతా అక్కడే ఉంటుంది. గది పెడితే ముందు వాడుకునేది ఆమెలాంటి వాళ్ళే, మాలాంటి టూరిస్టులు తర్వాత.

మిగతాది తొందరగా చెప్పేస్తా, పాప కదులుతోంది. ఎర్రమట్టి దిబ్బలు చూశాం, 2014లో జియాలజీ వాళ్ళు వారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, పాప తెల్ల గౌను ఎర్రగా అయ్యింది, మూడుసార్లు ఉతికినా పోలేదు, పోకపోయినా ఫర్వాలేదు. భీమిలి చేరేసరికి పొద్దు వాలింది. లైట్‌హౌసు, డచ్చివాళ్ళ సమాధులు మామయ్యకి బాగా నచ్చాయి, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరంట, ఆ బోర్డు దగ్గర ఫొటో దిగారు. అత్తమ్మ మాత్రం నది సముద్రంలో కలిసే చోట కూచుని కదల్లేదు. ఆ నది పేరు గోస్తని. బొర్రా గుహల్లోంచి వచ్చే నది, ఆవు పొదుగు అని అర్థం, డ్రైవర్ బాబు చెప్పాడు. ఆ నది ఒడ్డునే నేను మళ్ళీ కార్లో, అద్దాలకి టవల్ కట్టుకుని.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా జనం ఆగే చోటల్లా ఓ చిన్న గది గానీ కనీసం మూడు వైపులా తడికె కట్టిన నీడ గానీ పెట్టండి, లోపల కుర్చీ, బయట కొళాయి, డైపర్లకి మూతున్న డబ్బా. బాత్రూంలో బల్ల ఆడవాళ్ళ వైపు ఒకటి, మగవాళ్ళ వైపు ఒకటి. గోడల మీద సెల్ఫీ బొమ్మలు ఎక్కడున్నాయో బాణం గుర్తులు వేశారు కదా, దీనికీ ఒక బాణం వేయండి. రంగులు పూసి, రిబ్బన్ కత్తిరించి, మర్నాటి నుంచి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీకుండా చేసే గది మాత్రం వద్దు, అలాంటివి మా ఊళ్ళో కూడా చూశా.

మీకూ ఒకటి. ఇలాంటి ట్రిప్పుల గురించి రాసేటప్పుడు పార్కింగ్ ఎక్కడుంది, రొయ్యల వేపుడు ఎక్కడ బాగుంటుంది అని రాస్తారు కదా, పక్కనే రెండు లైన్లు చంటిపిల్లలున్నవాళ్ళ కోసం కూడా రాయండి, నీడ ఎక్కడుంది, నీళ్ళు ఎక్కడున్నాయి, పాలివ్వడానికి చోటు ఎక్కడుంది అని. లేకపోతే లేదని రాయండి, చదివినవాళ్ళు ఓ పాత చీర సంచిలో పెట్టుకుని వెళ్తారు.

దసరాకి మళ్ళీ వెళ్దామంటోంది అత్తమ్మ, అప్పటికి పాప నడుస్తుంది. ఆ మంగమారిపేట పెద్దావిడకి మా ఊరి మామిడికాయ పచ్చడి ఒక జాడీ తీసుకెళ్ళాలని ఇప్పట్నుంచే లెక్కలేస్తోంది, వేసవిలో పట్టేటప్పుడే ఆవిడ పేరున విడిగా పెడుతుందంట.

లేచింది. ఉంటానండి.

ఇట్లు,
ఎనిమిది నెలల పాప తల్లి, ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి తొమ్మిదో నెల పడింది,
ఖమ్మం.